పెళ్లి ఫొటోలు 1,400, చేతిలో కొత్త సాఫ్ట్‌వేర్: డార్క్‌టేబుల్‌తో మొదటి నుంచి చివరి దాకా

మా పిన్ని కూతురి పెళ్లికి స్టూడియో వాళ్లు ఎలాగూ ఉన్నారు. అయినా ఊరుకోలేక నా కెమెరా కూడా పట్టుకెళ్లాను. రెండు రోజుల్లో 1,400 ఫొటోలు తీశాను, అన్నీ రా ఫైళ్లే, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచినవి. ఇంటికొచ్చి, అలాంటి ఫొటోల్ని సరిదిద్దే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచాను. కుడిపక్కన బారులు తీరిన మాడ్యూళ్లు (ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు) చూడగానే కళ్లు తిరిగి, కంప్యూటర్ మూసేసి పడుకున్నాను. మళ్లీ వారం దాకా దాని జోలికి పోలేదు.

ఆ తర్వాత చాలా వీడియోలు చూశాను. వాటిలో ఎవరో మంచు కొండల మీద సూర్యోదయాన్ని ఎడిట్ చేస్తూ ఉంటారు. మన దగ్గరున్నదేమో రాత్రి ముహూర్తం, ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీ లైట్లు, హోమం పొగ, ఎర్ర పట్టుచీర. వాళ్లు చెప్పిన అంకెలు ఇక్కడ పనిచేయలేదు. చివరికి పని నడిచింది రెండు విషయాల వల్ల. మొదటిది, స్లైడర్ల కంటే ముందు ఫైళ్లు సర్దుకోవడం. రెండోది, 1,400 ఫొటోలనూ పక్కన పెట్టి, ఓ 20 ఫొటోల మీదే మూడు వారాలు కూర్చోవడం. ఇక్కడ రాసేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

ఇది మీకు పనికొస్తుందా?

డార్క్‌టేబుల్ 2009 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. నెలనెలా చందా ఉండదు. లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా నడుస్తుంది. విండోస్ వాళ్లకు 2017 డిసెంబర్‌లో 2.4 వెర్షన్‌తో అందింది. ఏటా జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి కొత్త వెర్షన్ వస్తుంది కాబట్టి పాత వీడియోలతో జాగ్రత్త. బేస్ కర్వ్ అనే మాడ్యూల్‌తో మొదలుపెట్టే పాఠం కనిపిస్తే అది పాత పద్ధతి. ఇప్పటి పద్ధతిలో ఫిల్మిక్ ఆర్‌జీబీ గానీ, 2022 చివర్లో వచ్చిన సిగ్మాయిడ్ గానీ వాడతారు, వాటి సంగతి తర్వాత వస్తుంది.

మీరు ఫోన్‌తోనే తీస్తారు, జేపెగ్‌లే (కుదించిన మామూలు ఫొటో ఫైళ్లు) ఉన్నాయి, సర్దుకుంటే చాలు అనుకుంటే మీకు డిజికామ్ మేలు. అదీ ఉచితమే. ఫొటోలో వెనకాల మనిషిని మాయం చేయడం, పెళ్లి కార్డు డిజైన్ చేయడం లాంటివి కావాలంటే గింప్ లేదా ఫొటోషాప్ చూసుకోండి. డార్క్‌టేబుల్ ముఖ్యంగా రా ఫైళ్ల కోసం పుట్టింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయి. చీకట్లో తీసిన ముఖాన్ని తర్వాత వెలుగులోకి తెచ్చుకోగలగడానికి కారణం ఆ తేడాయే.

డౌన్‌లోడ్ డార్క్‌టేబుల్ సొంత సైట్ నుంచే చేసుకోండి. 8 జీబీ ర్యామ్ లేని ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది గానీ, ప్రతి స్లైడర్‌కీ ఓ గుక్క టీ తాగే టైమ్ పడుతుంది.

కార్డు ఖాళీ చేయడం

సాఫ్ట్‌వేర్ తెరవకండి. ముందు కార్డులోని ఫొటోలు మామూలుగా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. వెంటనే అదే ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్క్‌లోకి ఇంకో కాపీ తీయండి. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య సరిపోయిందో లేదో చూసి, అటూ ఇటూ నాలుగు ఫొటోలు తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే ఒక్కో రా ఫైల్ సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. వెయ్యి ఫొటోలంటే 25 జీబీ పైమాటే. డిస్క్‌లో అంత చోటు ఉందో లేదో పెళ్లికి ముందే చూసుకోవాలి, మండపం పక్కన కూర్చుని కాదు.

ఫోల్డర్ పేరు విషయంలో నేను మొండివాణ్ని. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ: 2025-02-16. దాని పక్కన పెళ్లి అనో, ఒడుగు అనో, జాతర అనో ఒక్క మాట. ఇలా పెడితే ఏ కంప్యూటర్‌లోనైనా ఫోల్డర్లు వాటంతట అవే తేదీల వరుసలో నిలబడతాయి. 16-02-2025 అని పెడితే అన్ని నెలల పదహారో తేదీలూ ఒకచోట చేరి గందరగోళం అవుతుంది. ఫోల్డర్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టుకోండి. కంప్యూటర్లు మారినప్పుడు తలనొప్పి ఉండదు.

సంవత్సరానికి ఒక పెద్ద ఫోల్డర్, అందులో ఫంక్షన్‌కి ఒక చిన్న ఫోల్డర్. అంతకు మించి లోతుకి వెళ్లకండి. పసుపు దంచడానికి ఒకటి, స్నాతకానికి ఒకటి, అప్పగింతలకు ఒకటి అని ఫోల్డర్లు చేసుకుంటూ పోతే, స్నాతకంలో కూడా అప్పగింతల నాటి మేనత్త ఉందని ఆవిడ ఫొటో ఎక్కడ పెట్టాలో తెలియక తన్నుకుంటారు. ఆ పనికి ట్యాగులు, అంటే ఫొటోకి తగిలించే పేరు చీటీలు, ఉన్నాయి.

రెండు కెమెరాలు వాడితే ఇంకో సంగతి. మొదలుపెట్టే ముందు రెండింటితోనూ ఒకే ఫోన్‌లో గడియారం ఫొటో తీసి పెట్టుకోండి. ఒక కెమెరా టైమ్ 7 నిమిషాలు ముందుంటే, వరుసలో తాళి కట్టాక జీలకర్ర బెల్లం పెట్టినట్టు కనిపిస్తుంది. డార్క్‌టేబుల్‌లోని జియోట్యాగింగ్ మాడ్యూల్‌లో ఆ తేడాని ఒకేసారి సరిచేయొచ్చు. సరిచేయడానికి తేడా ఎంతో తెలియాలి కదా, దానికే ఆ గడియారం ఫొటో.

ఇంపోర్ట్, పుర్రె బొమ్మ

ఇప్పుడు డార్క్‌టేబుల్ తెరవండి. మొదట కనిపించేది లైట్‌టేబుల్, అంటే ఫొటోలన్నీ పరిచిన బల్ల. ఎడిటింగ్ జరిగేది డార్క్‌రూమ్‌లో. ఎల్ కీ నొక్కితే బల్ల, డీ కీ నొక్కితే గది. ప్రస్తుతానికి ఈ రెండూ చాలు.

ఎడమవైపు ఇంపోర్ట్‌లో రెండు దారులుంటాయి. ఒకటి ఫైళ్లను ఉన్నచోటే ఉంచి లైబ్రరీలో చేర్చేది. రెండోది వేరేచోటికి కాపీ చేసి చేర్చేది. మనం కాపీ ముందే చేసేశాం కాబట్టి మొదటిది ఎంచుకోండి. అక్కడే ఇనీషియల్ రేటింగ్ అని ఒకటి ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. మామూలుగా ప్రతి ఫొటోకీ ఒక నక్షత్రం ఇచ్చేస్తుంది. అప్పుడు మీరు చూసినదేదో, చూడనిదేదో తేడా తెలియదు.

డార్క్‌టేబుల్ మీ రా ఫైల్‌ని మార్చదు. మీరు చేసిన మార్పులన్నీ పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది, దాంతో పాటు తన డేటాబేస్‌లోనూ రాసుకుంటుంది. ఇందులోంచి పుట్టే నియమం ఒకటుంది: ఇంపోర్ట్ చేశాక ఫోల్డర్లను విండోస్‌లోంచి అటూ ఇటూ జరపకూడదు. పేరు మార్చాలన్నా, చోటు మార్చాలన్నా డార్క్‌టేబుల్ లోపలి నుంచే చేయాలి. నేను ఓ ఆదివారం ఉత్సాహంగా పాత ఫోల్డర్లన్నీ ఎక్స్‌ప్లోరర్‌లో సర్దేశాను. మర్నాడు తెరిస్తే ఫొటోల బదులు పుర్రె బొమ్మలు! ఫైల్ దొరకలేదని చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న గుర్తు అది. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, ఎక్స్‌ఎంపీ ఫైళ్లు కూడా వాటి వెంటే వెళ్లాయి కాబట్టి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే ఎడిట్లన్నీ తిరిగొచ్చాయి. కానీ ఆ పది నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇంకో రెండు బటన్లు పోల్చుకోండి. రిమూవ్ నొక్కితే లైబ్రరీ లెక్కలోంచి మాత్రమే పోతుంది. డిలీట్ లేదా ట్రాష్ నొక్కితే డిస్క్‌లోంచే పోతుంది. మొదటి నెలంతా రెండోదాని వైపు చూడకండి.

ఏరివేత

బియ్యంలో రాళ్లు ఏరినట్టే. మొదటిసారి చూసేటప్పుడు బాగున్నవాటి కోసం వెతక్కూడదు, రాళ్లు మాత్రమే తీయాలి. ఫొటో మీద మౌస్ ఉంచి ఆర్ నొక్కితే రిజెక్ట్ అయినట్టు. కళ్లు మూసుకున్నవి, షేక్ అయినవి, వీడియో అతని వీపు అడ్డొచ్చినవి అన్నీ ఆర్. క్లిక్ కూడా చేయక్కర్లేదు, మౌస్ ఫొటో మీద ఉంటే చాలు. నాకు 1,400 ఫొటోలకి గంటన్నర పట్టింది, 500 దాకా పోయాయి.

రెండోసారి నక్షత్రాలు. ఐదు రకాలున్నాయని ఐదూ వాడకండి. రెండుకీ మూడుకీ తేడా ఏమిటో రేపు మీకే గుర్తుండదు. నా లెక్క ఇది: 1 అంటే వాట్సాప్‌లో బంధువులకి పంపొచ్చు, 3 అంటే ఆల్బమ్‌కి, 5 అంటే ఫ్రేమ్ కట్టించాలి. ఒకే క్షణంలో తీసిన ఆరు ఫొటోల్లో ఏది మంచిదో తేలకపోతే వాటిని ఎంచుకుని ఎక్స్ నొక్కండి. పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. దాన్ని కల్లింగ్ మోడ్ అంటారు.

రంగు గుర్తులు ఎఫ్1 నుంచి ఎఫ్5 దాకా ఉన్నాయి. నేను ఊదా రంగుని ఒక్క పనికే ఉంచుకున్నాను: ఫొటోగా ఎందుకూ కొరగాదు, కానీ పారేయకూడదు. మా తాతయ్య భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చుని నవ్వుతున్న ఫొటో ఒకటుంది. ఫోకస్ వెనకాల గోడ మీద పడింది. ఆయన నవ్వుతున్న ఫొటో ఇంకోటి లేదు.

ఇరవై ఫొటోల బడి

ఏరగా మిగిలినవాటిలోంచి 20 తీయండి, మంచివి మాత్రమే కాదు. పగటి వెలుతురులో తీసినవి నాలుగు, హాల్ లైట్ల కింద ఆరు, పొగలో రెండు, ఎర్రచీర నిండుగా ఉన్నవి మూడు, రిసెప్షన్‌లో నీలం లైట్లు పడ్డవి రెండు, గ్రూప్ ఫొటోలు మూడు. వీటికి ఒక ట్యాగ్ పెట్టుకుని, నేర్చుకున్నంత కాలం వీటినే తెరవండి. ఏ వీడియో చూసినా అందులోని విషయం ఈ ఇరవై మీదే చేసి చూడండి. ఒకే ఫొటోని పది రకాలుగా చేస్తే ఏ స్లైడర్ ఏం చేస్తుందో చేతికి తెలుస్తుంది.

మొదటిసారి డార్క్‌రూమ్‌లో తెరవగానే ఒక షాక్ తగులుతుంది. అప్పటిదాకా నిగనిగలాడిన ఫొటో ఒక్కసారిగా పాలిపోతుంది. ఏదీ చెడిపోలేదు. ఇంతవరకు మీరు చూసింది కెమెరా రా ఫైల్ లోపల దాచిన చిన్న జేపెగ్, కెమెరా కంపెనీ వండి పెట్టినది. ఇప్పుడు కనిపిస్తున్నది పచ్చి సరుకు, వంట ఇక మీది.

ఏ మాడ్యూల్ ఎక్కడుందో వెతకొద్దు, పైన ఉన్న వెతుకు పెట్టెలో పేరు టైప్ చేయండి. మీరు ముందు ఏది ముట్టుకున్నా లోపల పని జరిగే వరుస దాని లెక్క ప్రకారమే ఉంటుంది. కాబట్టి తప్పు వరుసలో చేశానేమో అని భయపడక్కర్లేదు. అయినా నేర్చుకునేటప్పుడు ఒకే వరుస పాటిస్తే చేయి త్వరగా తిరుగుతుంది.

మొదట ఎక్స్‌పోజర్. ముఖం చూడండి, ముఖం మాత్రమే. ముఖం సరైన వెలుగుకి వచ్చేదాకా స్లైడర్ జరపండి. వెనకాల లైట్లు తెల్లగా పేలిపోతున్నట్టు కనిపిస్తాయి, వదిలేయండి. ఒక ఈవీ (వెలుగు కొలిచే మెట్టు) పెంచితే వెలుగు రెట్టింపు అవుతుంది కాబట్టి చిన్న చిన్న అడుగులు వేయండి. కంట్రోల్, బీ కలిపి నొక్కితే ఫొటో చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ బూడిద రంగు వస్తుంది. అలా చూస్తే ఫొటో నిజంగా ఎంత చీకటిగా ఉందో తెలుస్తుంది. నల్లటి తెర మీద చూసి సరిపోయిందనుకున్నవి ప్రింట్‌లో మసిబారినట్టు వస్తాయి.

తర్వాత సిగ్మాయిడ్. ఇందాక పేలిపోయినట్టు కనిపించిన లైట్లని తెర చూపగల హద్దులోకి మెల్లగా దించేది ఇదే. కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) స్లైడర్ ఒక్కటి తెలిస్తే చాలు. ఫిల్మిక్ ఆర్‌జీబీ కూడా ఇదే పని చేస్తుంది, ఇంకా ఎక్కువ మీటలతో. రెండూ ఒకేసారి ఆన్ చేయకండి. మొదలుపెట్టేవాళ్లు సిగ్మాయిడ్‌తోనే ఉండాలని నా అభిప్రాయం. ఫిల్మిక్‌తో నేను రెండు వారాలు కుస్తీ పట్టి, బయటపడి మాట్లాడుతున్నాను.

ఇక రంగు. మన పెళ్లిళ్లలో అసలు కష్టం ఇక్కడే. పాత అలవాటు కొద్దీ అందరూ వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌లోకి వెళ్తారు. ఇప్పటి పద్ధతిలో దాన్ని కదపకూడదు. రంగు సరిచేయాల్సింది కలర్ కాలిబ్రేషన్‌లో. కదిపితే అదే హెచ్చరిక చూపిస్తుంది. కలర్ కాలిబ్రేషన్‌లో పికర్ (ఫొటోలోంచి రంగు ఎంచుకునే పనిముట్టు) తీసుకుని, ఏ రంగూ లేని తెల్లటి లేదా బూడిద రంగు చోట గీయాలి. పెళ్లికొడుకు తెల్ల పంచె ఉందిగా అనుకుంటాం. మధుపర్కాల మూలలకి పసుపు రాస్తారు, తలంబ్రాల తర్వాత బట్టంతా పసుపే. అక్కడ పికర్ పెడితే సాఫ్ట్‌వేర్ ఆ పసుపునే తెలుపనుకుని, దాన్ని తీసేయడానికి ఫొటో అంతా నీలంగా మార్చేస్తుంది. పక్కన నిలబడ్డ ఎవరి తెల్ల చొక్కానో, స్టీలు బిందెనో, సిమెంటు స్తంభాన్నో వెతకండి. ఏదీ లేకపోతే చేత్తో సరిచేసుకోవాలి. పెళ్లికూతురి ముఖానికి నలుగు పెట్టినరోజు పసుపు ఉంటుంది, దాన్ని కడిగేయకండి. తీయాల్సింది లైట్ల పసుపుని.

ఒక పక్క కిటికీ వెలుతురు, ఇంకో పక్క బల్బు ఉంటే ఒక సర్దుబాటు సరిపోదు. కలర్ కాలిబ్రేషన్‌ని రెండోసారి పెట్టుకుని, మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో చెప్పే హద్దు) గీసి, సగానికి ఒకటి సగానికి ఇంకోటి ఇవ్వొచ్చు. ఇది మూడో వారం పాఠం, మొదటి రోజు దీని జోలికి పోవద్దు.

ఎర్ర పట్టుచీర విషయం విడిగా చెప్పాలి. చీర అంతా ఒకే ఎర్ర ముద్దలా కనిపించి, జరీ, మడతలు మాయమయ్యాయా? ముందు ఫొటో కింద ఉన్న రా ఓవర్ ఎక్స్‌పోజ్డ్ గుర్తు నొక్కి చూడండి. చీర మీద రంగు మచ్చలు వస్తే రా ఫైల్లోనే వివరం పోయింది, అక్కడ చేయగలిగింది తక్కువే. మచ్చలు రాకపోతే వివరం ఉంది, తెర చూపగలిగినంత ఎరుపు దాటి పోయిందంతే. కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీలో శాచురేషన్ (రంగుల గాఢత) కొద్దిగా తగ్గించండి, మడతలు తిరిగొస్తాయి. మనవాళ్లు చేసే తప్పు దీనికి తిరగేసి ఉంటుంది: చీర మెరవాలని రంగు పెంచుతారు, ఉన్న కాస్త జరీ కూడా పోతుంది.

రిసెప్షన్ స్టేజీ మీద నీలం, ఊదా లైట్లు పడ్డ ముఖాలతో ఎక్కువ పోరాడకండి. ఆ లైట్లలో మిగతా రంగులు దాదాపు ఉండవు, లేని రంగుని ఏ స్లైడరూ పుట్టించలేదు. నలుపు తెలుపు చేసేయండి.

మిగిలినవి గబగబా. లెన్స్ కరెక్షన్ ఆన్ చేస్తే, మీ లెన్స్ దానికి తెలిసినదైతే అంచుల వంపులు తనే సరిచేస్తుంది. రాత్రి ఫొటోల్లో కనిపించే నలక (చుక్కల గరుకు) కోసం డీనాయిజ్ ప్రొఫైల్డ్. మీ కెమెరా ఏ ఐఎస్ఓకి (చీకట్లో పెంచుకునే సెట్టింగ్) ఎంత నలక ఇస్తుందో దాని దగ్గర ముందే లెక్క ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. క్రాప్ చివర్లో. అంతే, మొదటి నెలకి ఈ ఏడు చాలు. టోన్ ఈక్వలైజర్, డిఫ్యూజ్ ఆర్ షార్పెన్, రీటచ్ ఉంటాయి. వాటి అవసరం ఫలానా ఫొటోలో మీకే తగిలినప్పుడు నేర్చుకోవచ్చు.

ఒకటి నుంచి వందకి

ఇరవై ఫొటోలు తేలాక మిగతావి అంత కష్టం కావు. ఒకే లైటింగ్‌లో తీసిన ఫొటోలు ఒక గుంపు. గుంపులో ఒకదాన్ని పూర్తిగా చేసి, లైట్‌టేబుల్‌లో దాని మీద కంట్రోల్ సీ, మిగతావి ఎంచుకుని కంట్రోల్ వీ. అప్పుడు దాని మార్పులన్నీ వాటికి అంటుకుంటాయి. క్రాప్ కూడా అంటుకుంటుంది, మర్చిపోవద్దు. నేను ఒకసారి గ్రూప్ ఫొటోలన్నిటికీ ఒకే క్రాప్ అంటించి, చివర నిలబడ్డ పెదనాన్నని పదకొండు ఫొటోల్లో సగం కోసేశాను. కోసినా అసలు ఫైల్ అలాగే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. హిస్టరీ స్టాక్‌లో (చేసిన మార్పుల జాబితా) సెలెక్టివ్ కాపీ అని ఉంటుంది, అందులో క్రాప్, రీటచ్, మాస్క్ గీసినవి తీసేసి మిగతావి మాత్రమే అంటించండి.

తరచూ వాడే కలయికని స్టైల్‌గా దాచుకోవచ్చు. నా దగ్గర మూడే ఉన్నాయి: హాల్ రాత్రి, ఆరుబయట పగలు, నలుపు తెలుపు. ఇంటర్నెట్‌లో దొరికే వందల స్టైళ్లు దించుకుని చూశాను, ఏదీ మన లైట్లకి సరిపోలేదు.

బయటికి తీయడం

ఎక్స్‌పోర్ట్ రెండు రకాలుగా పెట్టుకోండి, రెండింటినీ ప్రీసెట్లుగా దాచుకోండి. ఫోన్లకి పంపడానికి పొడవైన వైపు 2048 పిక్సెల్స్, జేపెగ్ క్వాలిటీ 85. ప్రింట్ వేసే ల్యాబ్‌కి పూర్తి సైజు, అంటే సైజు పెట్టెల్లో సున్నా, క్వాలిటీ 95. రెండింటికీ రంగు ప్రొఫైల్ ఎస్ఆర్‌జీబీ. ల్యాబ్ వాళ్లు వేరే ఏదైనా అడిగితే తప్ప మార్చకండి. మార్చి పంపితే రంగులు చప్పబడి వచ్చే ప్రమాదం ఉంది.

ప్రింట్‌కి లెక్క తేలిక: అంగుళానికి 300 పిక్సెల్స్. 12×18 ఫ్రేమ్‌కి 3600×5400 కావాలి. 24 మెగాపిక్సెల్ ఫొటో 4000×6000 కాబట్టి హాయిగా సరిపోతుంది. కరిజ్మా ఆల్బమ్‌లో 12×36 షీట్ మీద ఫొటోలు పేర్చే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది. డిజైనర్‌కి 3 నక్షత్రాలవి మాత్రమే ఒక ఫోల్డర్‌లో తీసి ఇస్తే అతనికీ సుఖం, మీకూ సుఖం. మొత్తం 900 ఫొటోలు ఇచ్చి మీరే చూసి పెట్టండి అంటే, వాళ్లు చూసి పెట్టేస్తారు. తర్వాత అత్తయ్య ఫొటో ఒక్కటీ లేదని ఇంట్లో గొడవ.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోని అది మళ్లీ కుదించేస్తుంది. ప్రింట్ వేయించుకునేవాళ్లకి డాక్యుమెంట్‌గా పంపండి.

దాచడం

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఉంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. నాకైతే ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి నా బీరువాలోని హార్డ్ డిస్క్‌లో, ఒకటి మా అక్కయ్య ఇంట్లో. అన్ని ఫొటోలూ క్లౌడ్‌లో పెట్టేంత స్తోమత లేకపోతే 5 నక్షత్రాలవి మాత్రం పెట్టండి.

కాపీ తీసేటప్పుడు రా ఫైళ్లతో పాటు ఎక్స్‌ఎంపీ ఫైళ్లు కూడా వెళ్లాలి. అవి చిన్నవే, కానీ మీ మూడు వారాల కష్టమంతా వాటిలోనే ఉంది. ఎడిటింగ్ పూర్తయ్యాక ఇంకోసారి కాపీ తీయడం అందుకే. పెళ్లి మర్నాడు తీసిన కాపీలో అవి ఉండవు కదా. రిజెక్ట్ చేసినవి డిస్క్‌లోంచి నిజంగా తీసేయడం ఈ కాపీ తర్వాతే, అదీ ఆల్బమ్ చేతికొచ్చి, ఇంట్లో అందరూ చూశాక.

ఏటా ఆయుధపూజ రోజు కెమెరాకి బొట్టు పెట్టేటప్పుడు ఆ రెండు డిస్క్‌లూ బయటికి తీస్తాను. ఒక్కోదాన్ని కంప్యూటర్‌కి తగిలించి, ఏవో పది ఫొటోలు తెరిచి చూస్తాను. పోయినేడు బీరువాలోది అసలు కనబడలేదు, కేబుల్ పాడైంది. కొత్త కేబుల్ వేస్తే వచ్చింది. అక్కయ్య ఇంట్లో ఉన్న డిస్క్ పెట్టెలో కూడా పాత కేబుల్ తీసేసి కొత్తది ఉంచాను.